‘లక్షమందిలో ఒకణ్ణే కదా అక్కా, నన్నెవరు చూస్తారు?’

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. మా టీమ్‌లో ఒకతను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి పనిచేస్తాడు. మీటింగ్ మధ్యలో సైరన్ మోగితే ‘వస్తాను’ అని చెప్పి కింద షెల్టర్‌కు వెళ్లిపోతాడు. ఒక్కోసారి రెండు గంటలకు గాని తిరిగి రాడు. ఆ రెండు గంటలు ఊరికే కూర్చోలేక ఒక టెలిగ్రామ్ ఛానల్లో చేరాను. అక్కడ రోజూ రష్యా సైట్ల జాబితా పెడతారు. వాళ్లిచ్చిన టూల్ మొదలుపెడితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. రెండు వారాలుగా రాత్రిళ్లు నడుపుతున్నాను. మొన్న అడ్మిన్ ఒకరు విడిగా మెసేజ్ పెట్టి, నీకు పని తెలుసు, చిన్న గ్రూపులోకి రా అన్నారు. చేరాక ఒక పట్టణానికి నీళ్లిచ్చే సంస్థ లాగిన్ పేజీ, లీకైన పాస్‌వర్డ్‌ల ఫైలు చేతికిచ్చి ప్రయత్నించమన్నారు. చెయ్యి ఆగిపోయింది. నా స్నేహితుడేమో ‘లక్షమందిలో ఒకడివి, నిన్నెవరు చూస్తారు’ అంటున్నాడు. నేను చేస్తున్నది తప్పా? ఇప్పుడు ఆపేస్తే పిరికితనమా?

జవాబు:

తమ్ముడూ,

చెయ్యి ఆగిపోయిందని రాశావే, ఆ మాట దగ్గర నేనూ చాలాసేపు ఆగాను. నీకు తెలియకుండానే నీ ప్రశ్నకు సగం జవాబు నువ్వే రాసుకున్నావు. మిగతా సగం నేను చెబుతాను. ఆ చిన్న గ్రూపులోంచి ఇవాళే బయటికి రా. పాస్‌వర్డ్‌ల ఫైలు ఎవరికీ పంపకు. రాత్రిళ్లు నడిపే ఆ టూల్ కూడా ఆపెయ్. పిరికితనం సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ఆ మాట నిన్ను బాధపెడుతోందని నాకు అర్థమైంది.

ముందుగా ఒక విషయం. నీ కోపాన్ని నేను తక్కువ చేయడం లేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టింది. రెండు రోజుల తర్వాత, 26న, ఉక్రెయిన్ డిజిటల్ మంత్రి మిఖైలో ఫెదొరోవ్ ట్విటర్‌లో ప్రపంచాన్నంతా పిలిచారు. ఐటీ ఆర్మీ, అంటే స్వచ్ఛందంగా సైబర్ పోరాటం చేసే దళం, కడుతున్నాం, అందరికీ పని ఉంది, రండి అన్నారు. ఆ ఐటీ ఆర్మీ టెలిగ్రామ్ ఛానల్లో, దాడి చేయాలంటూ పెట్టిన మొదటి జాబితాలో బ్యాంకులు, పెద్ద కంపెనీలు, ప్రభుత్వ సైట్లు కలిపి 31 పేర్లున్నాయి. కొన్ని వారాల్లోనే ఆ ఛానల్లో చేరినవాళ్లు మూడు లక్షలకు చేరారు. ఇంటి మీదికి ట్యాంకులొస్తున్న దేశం, చేతికందిన ప్రతివాణ్ణీ సాయం అడిగింది. ఆ పిలుపును తప్పుపట్టే మనసు నాకు రాదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆ పిలుపు విని వెళ్లినవాడి పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు. ఏ అధికారీ వాడి పని చూడడు. వాడు పొరపాటు చేస్తే వాడి తరఫున జవాబు చెప్పేవాడు లేడు. నువ్వున్న ఛానల్ ఎవరిదో కూడా నీ ఉత్తరంలో లేదు. నీకు తెలియదనే అనుకుంటున్నాను. ఇక్కడే అసలు చిక్కంతా ఉంది.

నువ్వు నడిపే టూల్ ఏం చేస్తుందో నీకు తెలుసు. టెస్టింగ్ చేసేవాడివి కాబట్టి నాకంటే బాగా తెలుసేమో. ఒక సర్వర్‌కు అక్కర్లేని రిక్వెస్టులు వేలకు వేలు పంపుతుంది. ఒక్క కిటికీ ముందు పనిలేని వెయ్యిమంది వరుస కడితే, పనుండి వచ్చినవాడు కిటికీ దాకా చేరలేడు. డీడాస్ అంటే అంతే. ఆ వరుసలో చివరన ఎవరు నిలబడిపోయారో మాత్రం నీ స్క్రీన్ మీద కనిపించదు.

నాకొకసారి కనిపించింది. పన్నెండేళ్లు సర్వర్లు కాపలా కాసే పని చేశాను. ఒక రాత్రి మా మీద ఇలాంటి దాడే జరిగింది. దాడి చేసినవాళ్ల గురి ఒక వార్తల సైటు. అయితే అదే నెట్‌వర్క్ మీద మేమే చూసుకునే ఇంకో పోర్టల్ ఉంది. రోగుల రక్తపరీక్షల ఫలితాలు డాక్టర్లు అందులోనే చూసుకునేవాళ్లు. అదీ ఆగిపోయింది. రాత్రి రెండు గంటలప్పుడు ఒక డాక్టర్ ఫోన్ చేసి, ఒక్క మనిషి ఫలితం ఎలాగైనా చదివి చెప్పండమ్మా అని బతిమాలారు. డేటాబేస్‌లోకి వెళ్లి అంకెలు ఒక్కొక్కటిగా చదివాను. నా గొంతు వణికింది. దాడి చేసినవాళ్లలో ఒక్కడికి కూడా ఆ మనిషి ఉన్నాడన్న సంగతి తెలియదు. తెలిస్తే సగంమంది ఆపేసేవాళ్లే. వాళ్లు దుర్మార్గులని నేను ఇప్పటికీ అనుకోను. వాళ్లకు జాబితా ఇచ్చారు, నడిపారు.

ఎంత నేర్పు ఉన్నా దాడి గీసిన గీతలో ఆగదు. దండయాత్ర మొదలైన రోజు తెల్లవారుజామునే రష్యా వయాశాట్ సంస్థ ఉపగ్రహ ఇంటర్నెట్‌ను దెబ్బకొట్టింది. ఉక్రెయిన్ సైన్యం మాటా మంతీ ఆపడం ఉద్దేశం. ఆ దెబ్బకు జర్మనీలో 5,800 గాలిమరలకు దూరం నుంచి నడిపే సంబంధం తెగిపోయింది. అంతకుముందు 2017 జూన్‌లో ఉక్రెయిన్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూర్చిన నాట్‌పెట్యా మాల్వేర్ (కంప్యూటర్లను పాడుచేసే ప్రోగ్రామ్) దేశాలు దాటి పాకింది. మెర్స్క్ షిప్పింగ్ సంస్థ పనులు చాలావరకు స్తంభించాయి. మొత్తం నష్టం 1,000 కోట్ల డాలర్లని అమెరికా ప్రభుత్వం అంచనా వేసింది. ఈ రెండూ చేసినవాళ్లు ప్రభుత్వ జీతం తీసుకునే నిపుణులు. వాళ్ల గురే అంత దూరం చెదిరితే, ఎవరో అతికించిన ఐపీ అడ్రస్ మీద రాత్రంతా టూల్ వదిలేసి నిద్రపోయేవాడి సంగతి ఏమిటి?

ఇప్పుడు ఆ జాబితా రాసేది ఎవరన్న విషయానికి వద్దాం. ఈ యుద్ధంలో స్వచ్ఛంద హ్యాకర్ల ముసుగు చాలామందికి పనికొచ్చింది. 2023 డిసెంబర్ 12న కీవ్‌స్టార్ మొబైల్ నెట్‌వర్క్ కుప్పకూలింది. దాదాపు 2.4 కోట్ల మందికి ఫోన్లు మూగబోయాయి. కొన్ని చోట్ల వైమానిక దాడి హెచ్చరికలు కూడా ఆగాయి. అది తమ పనేనని ‘సోల్న్‌సెప్యోక్’ అనే హ్యాకర్ల బృందం ప్రకటించుకుంది. దాని వెనకున్నది రష్యా సైనిక గూఢచారి విభాగానికి చెందిన శాండ్‌వర్మ్ అనే హ్యాకర్ల బృందమని ఉక్రెయిన్ భద్రతా సంస్థ చెప్పింది. 2024 జనవరిలో టెక్సస్‌లోని మ్యూల్‌షూ అనే చిన్న పట్టణంలో నీళ్ల ట్యాంకు పొంగి పొర్లింది. నియంత్రణ వ్యవస్థలోకి చొరబడినవాళ్లు ఆ వీడియోను టెలిగ్రామ్‌లో గొప్పగా పెట్టుకున్నారు. వాళ్లు తమను తాము పిలుచుకున్న పేరు ‘సైబర్ ఆర్మీ ఆఫ్ రష్యా రీబార్న్’. ఆ ఏడాది జులైలో అమెరికా ఆ బృందంలో ఇద్దరి మీద ఆంక్షలు పెట్టింది. నీ చేతిలో పెట్టిన పని కూడా నీళ్లదేనన్నది మరిచిపోకు. జెండా మారినంత మాత్రాన ట్యాంకు కింద కుళాయి తిప్పేవాళ్లు మారరు. అక్కడా పిల్లలకు నీళ్లు పట్టే తల్లులే ఉంటారు.

ఇంకో సంగతి వింటే నువ్వు ఉలిక్కిపడతావు. 2022 జులైలో గూగుల్ భద్రతా బృందం ఒక ఆండ్రాయిడ్ యాప్ గురించి బయటపెట్టింది. దాన్ని రష్యా సైట్ల మీద దాడి చేసే యాప్ అని, ఉక్రెయిన్ సైనిక దళం అజోవ్ రెజిమెంట్ పేరుతో ఉన్న సైటులో పెట్టారు. తీరా చూస్తే అది తయారుచేసింది రష్యా భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీకి చెందినదని చెప్పే టుర్లా బృందం. యాప్ ఒక్కో సైటుకు ఒక్క రిక్వెస్ట్ పంపి ఊరుకునేది, సైటుకేమీ కాదు. అదే ఏడాది మార్చిలో సిస్కో కంపెనీ భద్రతా విభాగం టాలోస్ పరిశోధకులు ఇంకో మోసం పట్టుకున్నారు. ఉక్రెయిన్ తరఫు దాడి టూల్ అని టెలిగ్రామ్‌లో పంచిన ఫైలు, నడిపినవాడి బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వాలెట్లు దోచుకునేది. నీ ల్యాప్‌టాప్‌లో రెండు వారాలుగా నడుస్తున్నదాని సోర్స్ కోడ్ నువ్వు చదివావా? ఆఫీసులో ఒక చిన్న బటన్ కూడా పరీక్షించకుండా వదలవు కదా.

ఇక నీ స్నేహితుడి మాట. లక్షమందిలో ఒకడు.

2007 ఏప్రిల్ చివర్లో ఎస్తోనియా ప్రభుత్వం తాలిన్ నగరం నడిబొడ్డు నుంచి సోవియట్ కాలపు కాంస్య సైనికుడి విగ్రహాన్ని తరలించింది. ఆ దేశం బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ సైట్ల మీద వారాల తరబడి దాడులు జరిగాయి. ఏం టైప్ చేయాలో రష్యన్ ఫోరమ్‌లలో పాఠంలా రాసిపెట్టారు, వేలమంది అలాగే చేశారు. దర్యాప్తుకు సాయం చేయమని ఎస్తోనియా అడిగితే రష్యా కుదరదంది. 2008 జనవరిలో కోర్టు శిక్ష వేసింది ఒక్కరికే. ఎస్తోనియాలోనే ఉంటున్న 20 ఏళ్ల విద్యార్థి, ప్రధానమంత్రి పార్టీ సైటు మీద దాడిలో పాల్గొన్నాడు. జరిమానా అప్పటి ఎస్తోనియా కరెన్సీలో 17,500 క్రూన్లు. పథకం వేసినవాళ్లు చట్టం చేతికి అందలేదు. అందే దూరంలో కూర్చున్న కుర్రాడు దొరికాడు. ఆ లక్షలో నువ్వు ఏ దూరంలో కూర్చున్నావో చూసుకో, తమ్ముడూ.

2010లో చెల్లింపుల సంస్థ పేపాల్ మీద అనానిమస్ అనే హ్యాకర్ల గుంపు దాడి చేసినప్పుడూ అంతే. వాళ్లు పంచిన టూల్ నడిపేవాడి ఐపీ అడ్రస్‌ను దాచేది కాదు. నడిపినవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మరుసటి ఏడాది అమెరికాలో 14 మందిపై కేసు పెట్టారు, 2013లో దాదాపు అందరూ నేరం ఒప్పుకున్నారు. 2025 జులైలో యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ నడిపిన ‘ఈస్ట్‌వుడ్’ ఆపరేషన్ రష్యా తరఫు బృందం నోనేమ్057(16) మీద జరిగింది. ఆ బృందం వాలంటీర్లకు టూల్ ఇచ్చి, బాగా నడిపినవాళ్లకు క్రిప్టోలో డబ్బులిచ్చేది. వందకు పైగా సర్వర్లు ఆపేశారు, ఏడు అరెస్టు వారెంట్లు జారీ చేశారు. వాటితోపాటు వెయ్యిమందికి పైగా మామూలు మద్దతుదారులకు, మీరు చేస్తున్నది నేరం అని వాళ్లు వాడే మెసేజింగ్ యాప్‌లోనే నోటీసు పంపారు. అది ఎదుటిపక్షం బృందం కదా అనుకోకు. చట్టం నువ్వు ఏ పక్షమని అడగదు, ఏ కంప్యూటర్‌ను అడ్డుకున్నావని అడుగుతుంది. నువ్వు కూర్చున్న దేశంలో ఆ చట్టం ఏం చెబుతుందో అక్కడి లాయరే సరిగ్గా చెప్పగలరు. అనుమతి లేకుండా ఇతరుల వ్యవస్థను ఆపడం, అందులోకి చొరబడడం చాలా దేశాల్లో నేరమే.

యుద్ధ చట్టం వేరు. దీని గురించి టెలిగ్రామ్‌లో ఎవరూ మాట్లాడరు, అందుకే కొంచెం నెమ్మదిగా చెబుతాను. జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్, 51వ అధికరణ ప్రకారం పౌరుల మీద దాడి చేయకూడదు. పోరులో నేరుగా పాల్గొంటే, పాల్గొన్నంతసేపు ఆ రక్షణ పోతుంది. ఏ పని ఆ గీత దాటుతుందన్నదాని మీద న్యాయనిపుణుల్లో వాదన ఉంది. బ్యాంకు సైటును గంటసేపు ఆపడం గీతకు ఇవతలే ఉంటుందని చాలామంది అంటారు. సైన్యం సమాచార వ్యవస్థను దెబ్బతీయడం, దాడి చేయడానికి గురి చూపించడం అవతలికి పోతాయి. గీతకు ఇవతలుంటే నువ్వు చేసింది మామూలు నేరం. అవతలికి పోతే రక్షణా పోయింది, పైగా నేరమూ మిగిలింది. యూనిఫాం వేసుకున్న సైనికుడు చట్టబద్ధంగా పోరాడినందుకు అతని మీద కేసు పెట్టరు, పట్టుబడితే యుద్ధ ఖైదీగా చూడాలి. నీకు ఆ రెండూ లేవు. రెండు సైన్యాల మధ్య ఖాళీ జాగాలో ఒంటరిగా నిలబడ్డావు.

2023 అక్టోబర్‌లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి చెందిన ఇద్దరు నిపుణులు నీలాంటివాళ్ల కోసమే ఎనిమిది నియమాలు రాశారు. పౌరుల ఆస్తుల జోలికి పోవద్దు, తనంతట తాను పాకే మాల్వేర్ వాడొద్దు, ఆసుపత్రులను, సహాయ సంస్థలను ముట్టుకోవద్దు, మనుషులు బతకడానికి తప్పనిసరైనవాటిని దెబ్బతీయవద్దు అన్నారు. నీళ్లు ఆ చివరిదాంట్లోకే వస్తాయి. ఎనిమిదోది నాకు అన్నిటికంటే ముఖ్యం: శత్రువు పాటించకపోయినా మీరు పాటించాలి. మొదట రష్యా తరఫు హ్యాకర్ల బృందం కిల్‌నెట్ రెడ్‌క్రాస్ మాట ఎందుకు వినాలంది. కొద్ది రోజులకే అటు కిల్‌నెట్, ఇటు ఉక్రెయిన్ ఐటీ ఆర్మీ, పాటిస్తామని చెప్పాయి. ఎంతవరకు పాటించాయన్నది పక్కన పెట్టు. నీ చిన్న గ్రూపులో ఆ పేజీ ఎవరైనా చదివి ఉంటే నీళ్ల సంస్థ లాగిన్ నీ చేతికి వచ్చేది కాదు.

ఇంత చేస్తే యుద్ధానికి ఏమైనా ఒరిగిందా అని అడుగుతావు. కొంత ఒరిగింది. 2022 జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆర్థిక సదస్సులో పుతిన్ ప్రసంగం గంటకు పైగా ఆలస్యమైంది, కారణం డీడాస్ అని క్రెమ్లినే ఒప్పుకుంది. బాంబుల కింద ఉన్నవాళ్లకు ఆ వార్త కాస్త ధైర్యమిచ్చే ఉంటుంది, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే కేంబ్రిడ్జ్ పరిశోధకులు యుద్ధం మొదట్లో సైట్లలోకి చొరబడి పేజీలు మార్చేసిన ఘటనలు, డీడాస్ దాడులు లెక్క తీసి చూశారు. ఉప్పెనలా లేచి, కొద్ది వారాల్లోనే చల్లారాయి. వచ్చినవాళ్లకు విసుగొచ్చింది. యుద్ధం మాత్రం ఆగలేదు, నీ సహోద్యోగికి సైరన్ ఇంకా మోగుతూనే ఉంది.

విసుగురాని పని ఒకటి చెబుతాను. ఫెదొరోవ్ పిలుపు వచ్చిన మూడు రోజులకు, మార్చి 1న, ‘సుచో’ అనే ప్రయత్నం మొదలైంది. ఉక్రెయిన్ మ్యూజియంలు, గ్రంథాలయాలు, ఆర్కైవుల సైట్లున్న సర్వర్లు బాంబు పడితే పోతాయి, అవి పోకముందే కాపీ తీసి భద్రపరచాలన్నది దాని ఆలోచన. గ్రంథాలయ ఉద్యోగులు, చరిత్ర చదివినవాళ్లు, ప్రోగ్రామర్లు, భాష రాకపోయినా లింకులు సరిచూసే ఓపిక ఉన్నవాళ్లు, 1,500 మందికి పైగా కలిశారు. 5,000కు పైగా సైట్లు, 50 టెరాబైట్ల సమాచారం దాచారు. నీ మిత్రుడి ఊరు ఖార్కివ్ ప్రభుత్వ ఆర్కైవు సైటును కాపీ చేసిన కొద్దిసేపటికే అది ఆగిపోయింది. అక్కడా జాబితా ఉంది, స్ప్రెడ్‌షీట్ ఉంది, రాత్రిళ్లు నడిపే స్క్రిప్టులున్నాయి. నువ్వు చేసిన పనికి దీనికీ పనిముట్లలో పెద్ద తేడా లేదు. ఇది నేను మొదటిసారి చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. పన్నెండేళ్లు సర్వర్లు కాసినదాన్ని, పోయిన డేటా అంటే ఏమిటో నాకు తెలుసు.

నీలాంటి టెస్టర్‌కు ఇలాంటి పనులు ఇంకా ఉన్నాయి. సహాయ సంస్థలు వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికి, తయారుచేసినవాళ్లకు రహస్యంగా చెప్పి సరిచేయించవచ్చు. యుద్ధ వీడియోలు ఎక్కడ ఎప్పుడు తీశారో సరిచూసే పని నేర్చుకోవచ్చు. 2014 జులై 17న మలేసియా ప్రయాణికుల విమానం ఎంహెచ్17 తూర్పు ఉక్రెయిన్‌లో క్షిపణి దెబ్బకు కూలి 298 మంది చనిపోయాక, ఆ క్షిపణి లాంచర్ వచ్చిన దారిని పరిశోధక బృందం బెల్లింగ్‌క్యాట్ జనం తీసిన ఫొటోలు, వీడియోలతోనే కట్టి చూపింది. ఒక్క హెచ్చరిక. ఇప్పుడు జరుగుతున్న యుద్ధంలో సైన్యం ఎక్కడుందో ఎవరికైనా పంపే పనిలోకి దిగకు. అది మళ్లీ ఆ గీత దగ్గరికే తీసుకుపోతుంది. దేశాన్ని సైబర్ దాడుల నుంచి కాపాడాలన్న పట్టుదల ఉంటే, ఎస్తోనియా 2007 దెబ్బ తర్వాత తన స్వచ్ఛంద రక్షణ దళంలోనే సైబర్ విభాగం పెట్టుకుంది. ఉద్యోగాలు చేసుకునే ఇంజినీర్లు పేరిచ్చి, చట్టం కింద, శిక్షణ తీసుకుని అందులో పనిచేస్తారు. నువ్వున్న చోట అలాంటిది ఉంటే ముందు తలుపు నుంచి వెళ్లి అడుగు.

ఇవాళ చేయాల్సినవి కూడా చెప్పనీ. టూల్ నడిచిన ల్యాప్‌టాప్‌ను నెట్‌వర్క్ నుంచి తీసెయ్. వేరే పరికరం నుంచి మెయిల్, బ్యాంకు, ఆఫీసు పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, పాత సెషన్లన్నీ లాగవుట్ చెయ్. సిస్టమ్ చెరిపేసి మళ్లీ వేసుకునే ముందు సైబర్ కేసులు చూసే లాయర్‌తో ఒక గంట కూర్చో, సాక్ష్యం చెరిపాడన్న మాట పడకూడదు. ఆ ల్యాప్‌టాప్ గానీ వీపీఎన్ గానీ ఆఫీసుదైతే, కంపెనీకి ఎలా చెప్పాలో కూడా ఆయన్నే అడుగు. చెప్పకుండా మాత్రం ఉండకు. నీ మెషీన్‌లోంచి ఏదైనా బయటికి పోయి ఉంటే అందులో ఖార్కివ్‌లో ఉన్న అతని వివరాలూ ఉండొచ్చు. అడ్మిన్‌కు వివరణలు ఇవ్వకు, వాదించకు. బయటికి వచ్చెయ్, అంతే.

పిరికితనం గురించి అడిగావు. పేరు లేకుండా, ముఖం లేకుండా, పక్కన లక్షమంది ఉన్నారన్న ధీమాతో చేసే పని మానేయడానికి ధైర్యమే కావాలి. గ్రూపులో నిన్ను రెండు మాటలంటారు. స్నేహితుడు మొహం తిప్పుకోవచ్చు. ఆ మాటలు పడు.

ఆ తర్వాత ఖార్కివ్‌లో ఉన్న అతన్ని అడుగు. అతన్ని చూసే ఇదంతా మొదలుపెట్టావు, అతనికి ఏం కావాలో అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అతను షెల్టర్‌లో ఉన్నప్పుడు కూడా మనసులో ఆగిపోయిన పని తిరుగుతూనే ఉంటుంది, రిలీజ్ తేదీ తరుముతూ ఉంటుంది. మీ మేనేజర్‌తో మాట్లాడి, సైరన్ మోగినప్పుడల్లా అతని టెస్ట్ కేసులు నీ చేతికి వచ్చేలా ఏర్పాటు చేసుకో. ఆ రెండు గంటలు నీకు ఖాళీగా ఉండవు. అతను మెట్లెక్కి పైకి వచ్చేసరికి స్క్రీన్ మీద పని అయిపోయి ఉంటుంది.